నానో ట్యాంక్‌లో (చిన్న అక్వేరియంలో) నత్తలు వరసపెట్టి చచ్చిపోతున్నాయి, టెస్టులన్నీ బానే ఉన్నాయి, ఏం మిస్ అవుతున్నా?

నానో40:

అందరికీ నమస్తే. వైజాగ్ నుంచి. మంచినీళ్ళ ట్యాంకులు ఆరేడేళ్ళుగా పెడుతున్నా గానీ ఉప్పునీళ్ళది ఇదే ఫస్ట్. 45x30x30 సెంటీమీటర్ల ట్యాంకు, రాళ్ళూ ఇసకా పోను నీళ్ళు ఒక 33 లీటర్లు ఉంటాయేమో. ఐదు నెలలైంది. డ్రై రాక్‌తో (జీవం లేని ఎండు రాయితో) మొదలెట్టా, ఆర్‌వో నీళ్ళలో సాల్ట్ మిక్స్ కలుపుతా. ఒక జత క్లౌన్ చేపలు అంతే, పగడాల జోలికి ఇంకా పోలేదు.

మూడో నెలలో రాళ్ళ మీద బ్రౌన్ పాచి మొదలైంది. షాపాయన్ని అడిగితే కొత్త ట్యాంకులకి మామూలే, డయాటమ్స్ అంటారు, ఒక రకం సూక్ష్మ పాచి, నత్తలేస్తే నాకి పారేస్తాయి అని పన్నెండు టర్బో నత్తలు ఇచ్చాడు, ఒక్కోటి 150. మొదటి వారం భలే తిరిగాయి, అద్దం మీద దారులు కనపడేవి, మా పాప రోజూ లెక్కపెట్టేది. పదో రోజు నుంచి ఒక్కోటీ ఇసకలో వెల్లకిలా పడి ఉండడం, తిప్పి పెట్టినా రాయి పట్టుకోకపోవడం. మూడు వారాల్లో పన్నెండూ పోయాయి. సరే బ్యాచ్ బాలేదేమో అని మళ్ళీ ఎనిమిది తెచ్చా, ఈసారి ఆరు రోజులకే ఐదు పోయాయి. చేపలకి మాత్రం ఏమీ కాలేదు, శుభ్రంగా తింటున్నాయి.

టెస్టులు: అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, పీహెచ్ 8.1, సాలినిటీ (ఉప్పు మోతాదు) 1.025, నీళ్ళు 27-28 డిగ్రీలు. వారం వారం 30 శాతం నీళ్ళు మారుస్తా, ఫాస్ఫేట్ రిమూవర్ కూడా వేసా, మేత రెండ్రోజులకోసారే. ఇంతకంటే క్లీన్‌గా ఎవరైనా పెట్టగలరా చెప్పండి. పాచి మాత్రం పోవట్లేదు, పైగా పెరుగుతోంది.

డ్రిప్_లైన్:

చేపలకి ఎప్పుడైనా మందు వేసారా బ్రో? వైట్ స్పాట్ (చేపలకొచ్చే తెల్ల మచ్చల జబ్బు) మందుల్లో చాలావాటిలో కాపర్ ఉంటుంది, నత్తలకి అది విషమే, పైగా రాళ్ళు పీల్చుకుని తర్వాత మెల్లగా వదుల్తాయి.

నానో40:

లేదు బ్రో, ఈ ట్యాంకులో ఒక్క చుక్క మందు కూడా పడలేదు. రాళ్ళు కూడా కొత్తవే.

ఉప్పుకల్లు:

తమ్ముడూ, కాకినాడ నుంచి. పదకొండేళ్ళుగా ఈ ఉప్పునీళ్ళ పిచ్చిలో ఉన్నా, నేను చంపిన నత్తల్ని లెక్కేస్తే ఓ గంపకి వస్తాయి కాబట్టి నా మాట కాస్త విను.

మొదటిది, సాలినిటీ దేంతో కొలుస్తున్నావ్? ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ అయితే దాన్ని నమ్మకు. ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకున్నా రీడింగ్ మారిపోద్ది, ఉప్పు పేరుకుంటే ఇంకోలా మారిపోద్ది. రిఫ్రాక్టోమీటర్ (ఒక చుక్క నీళ్ళలోంచి వెలుగు వంగడాన్ని బట్టి ఉప్పు కొలిచేది) కొనుక్కో, దాన్ని కూడా ఉత్త నీళ్ళతో సున్నాకి సెట్ చేసి వదిలెయ్యకుండా 35 పీపీటీ (కిలో నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకో. నీ ట్యాంకు 33 లీటర్లు, ఫ్యాన్ పెట్టావంటే రోజుకి ముప్పావు లీటరు ఆవిరైపోద్ది, నీళ్ళు పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు కదా. రెండ్రోజులు ఊరెళ్ళొచ్చేసరికి చేప తట్టుకుంటది, నత్త తట్టుకోదు.

రెండోది, కవర్లోంచి తీసి ట్యాంకులో ఎలా వేసావ్? చాలామంది మంచినీళ్ళ అలవాటుతో కవరు పావుగంట తేలేసి వదిలేస్తారు. నత్తలకి టెంపరేచర్ కంటే ఉప్పు తేడానే దెబ్బ. షాపుల్లో ఉప్పు మిగులుతుందని చేపల ట్యాంకులు 1.020 దగ్గర నడుపుతుంటారు, అక్కణ్ణించి నీ 1.025కి పావుగంటలో వచ్చిందంటే దాని ఒంట్లో నీరంతా తారుమారైపోద్ది. మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొను, ట్యూబు ఒక కొస ట్యాంకులో ఇంకో కొస నత్తలున్న డబ్బాలో, చక్రం తిప్పి సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా పెట్టుకో. గంట, గంటన్నర. డబ్బాలో నీళ్ళు మూడు రెట్లు అయ్యాక నత్తని చేత్తో తీసి రాయి మీద కూర్చోబెట్టు, ఇసకలోకి గిరాటెయ్యకు. వెల్లకిలా పడ్డ టర్బో చాలాసార్లు తనంతట తాను లేవలేదు, ఏస్ట్రియా అనే రకం నత్త అయితే అసలు లేవదు, అలాగే పడుండి చచ్చిపోద్ది.

మూడోది, 33 లీటర్లకి పన్నెండు టర్బోలు ఏటి తమ్ముడూ. పెద్ద సైజు టర్బో ఒక్కటి చాలు నీ అద్దం మొత్తానికి. పాచి అయిపోయాక అవి ఏం తింటాయి? ఆకలితో చచ్చే నత్త వెంటనే చావదు, నెలా నెలన్నర పడుద్ది, అందుకే మనకి అర్థం కాదు. నీవి ఆరు రోజుల్లో పోయాయంటే మాత్రం అది ఆకలి కాదులే.

ఇంకోటి, కదలట్లేదని చచ్చిందనుకోకు. రెండు రోజులు ఒకే చోట కూర్చునే రకాలున్నాయి. తీసి వాసన చూడు. చచ్చిన నత్త కంపు ఒక్కసారి చూస్తే జన్మలో డౌట్ రాదు. గుల్ల నోటికుండే మూత గట్టిగా మూసుకుంటే బతికుంది, మూత వేలాడుతుంటే వెంటనే బయట పడెయ్, అంత చిన్న ట్యాంకులో ఒక్క పెద్ద నత్త కుళ్ళినా అమోనియా లేస్తుంది.

నానో40:

అన్నా, నువ్వన్నట్టే చేసాను, కవరు తేలేసి పావుగంటలో వదిలేసా. హైడ్రోమీటర్ కూడా ఆ ఊగే ముల్లుదే. రిఫ్రాక్టోమీటర్ ఆర్డర్ పెట్టా.

సరే గానీ ఒక తిక్క డౌట్. మాకు టెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద నీళ్ళు తగ్గినప్పుడు నత్తలు బోలెడు కనిపిస్తాయి, 150 పెట్టి కొనేకంటే అక్కణ్ణించి ఓ నాలుగు తెచ్చుకోవచ్చా? సముద్రపు నీళ్ళు కూడా అక్కడివే వాడితే సాల్ట్ ఖర్చు తప్పుద్ది కదా.

ఉప్పుకల్లు:

నీళ్ళ సంగతి నేను చెప్తా, నత్తల సంగతి మన గవ్వలగంప మేడమ్ చెప్తారు. నేను రెండేళ్ళు సముద్రపు నీళ్ళే వాడాను, వేసవిలో బానే ఉండేవి. అక్టోబర్ నవంబర్లో మాత్రం మన బంగాళాఖాతం పైనీళ్ళు పల్చబడిపోతాయి, గోదావరి, మహానది, అటు గంగ వరదంతా కలిసి ఒడ్డెంబడి కిందకొస్తుంది కదా, ఒక ఏడాది నవంబర్లో తెచ్చిన క్యాన్లు కొలిస్తే 30 పీపీటీ కూడా లేదు. అది చూసుకోకుండా సగం నీళ్ళు మార్చేసా. ఆ రాత్రి నత్తలన్నీ మూతలేసుకుని కింద పడ్డాయి. పైగా మీది పోర్టు ఊరు, ఒడ్డు దగ్గర నూనె తెట్టూ డ్రైనేజీ నీళ్ళూ ఉంటాయి. వద్దు.

గవ్వలగంప:

ఉప్పుకల్లు గారు నన్ను ఇరికించేసారు, సరే. నేను జువాలజీ పాఠాలు చెప్పుకునేదాన్ని, ఒడ్డున రాళ్ళ దగ్గర పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్పులకి తీసుకెళ్తుంటా.

నాలుగు నత్తలే కదా అనిపిస్తుంది గానీ ఆ రాళ్ళ మీద అన్నీ పాచి తినేవి కావండీ. పైన పొడి రాయి మీద గుంపుగా అంటుకుని ఉండే చిన్నవి పెరివింకిల్స్, అవి తడి తక్కువ ఉన్నచోటే బతుకుతాయి, ట్యాంకులో వేస్తే రాత్రికి బయటికొచ్చేస్తాయి. గుండ్రంగా నున్నగా ఉండే నెరైట్లు పాచి బాగా తింటాయి, కానీ వాటికీ ఆటుపోటు అలవాటే కాబట్టి మూత లేని ట్యాంకులో ఆగవు. ఇక ముళ్ళు ముళ్ళుగా గరుకుగా ఉండేవి చాలావరకు వేటాడే రకాలు, గుల్లకి కన్నం పెట్టి లోపల మాంసం తింటాయి. అవి మీ ట్యాంకులో పడితే కొన్న నత్తల్నే తింటాయి. అన్నిటికంటే ముఖ్యంగా శంకువు ఆకారంలో, గీతలూ మచ్చలతో చూడ్డానికి ముచ్చటగా ఉన్న నత్త కనిపిస్తే ముట్టుకోవద్దు. కోన్ నత్తలు చిన్న బాణం లాంటి పంటితో విషం పొడుస్తాయి, కొన్ని జాతుల విషానికి మనిషి కూడా చచ్చిపోతాడు, విరుగుడు ఇంజెక్షన్ లేదు. మీ పాప తోడొస్తుందేమో, అందుకే ఇంతగా చెప్తున్నా.

చట్టం కూడా చూసుకోవాలి. బొత్తాలకి గుల్ల వాడే ఆ పెద్ద ట్రోకస్ నత్త, ట్రోకస్ నైలోటికస్, అండమాన్ వైపు దొరికేది, దాన్నీ పెద్ద పచ్చ టర్బోనీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో చేర్చారు. అప్పుడే గట్టి పగడాలన్నిటినీ కూడా చేర్చారు. కాబట్టి సముద్రంలోంచి తీసిన పగడపు రాయి లైవ్ రాక్ పేరుతో ఎవరైనా తక్కువకి ఇస్తానన్నా తీసుకోకండి. మీరు డ్రై రాక్ వాడడం మంచి పని.

ఇప్పుడు అసలు సంగతి. మీ మొదటి పోస్టు మళ్ళీ చదివాను. సాలినిటీ షాక్ అయితే రెండు మూడు రోజుల్లో పోవాలి, మీ మొదటి బ్యాచ్ వారం రోజులు హుషారుగా తిరిగింది అన్నారు. అంటే ట్యాంకులో ఏదో తిన్నాకే పోతున్నాయి. మీ బ్రౌన్ పాచి గురించి నాలుగు ప్రశ్నలు: చేత్తో పట్టుకుంటే పొడిలా విడిపోతుందా, చీమిడిలా తీగలు సాగుతుందా? మధ్యాహ్నానికి దాంట్లో బుడగలు కనపడతాయా? పొద్దున్న లైట్ వెయ్యకముందు చూస్తే తక్కువగా ఉంటుందా? పైపుతో లాగేసాక ఎన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది?

నానో40:

మేడమ్ మీరు మా ఇంట్లో కెమెరా పెట్టారా ఏంటి. అచ్చం చీమిడే. రాయి మీంచి తీగల్లా వేలాడుతూ కొసల్లో బుడగలు. పొద్దున్న చూస్తే ఇవాళ తగ్గింది హమ్మయ్య అనుకుంటా, సాయంత్రానికి మామూలే. మొత్తం లాగేస్తే రెండ్రోజుల్లో మళ్ళీ అంతే.

ట్యాంక్_టైగర్:

ఇది సింపుల్ బ్రో, డర్ట్ ఎక్కువైంది. వారానికి రెండుసార్లు 50 శాతం నీళ్ళు మార్చు, ఫాస్ఫేట్ రిమూవర్ డబుల్ చెయ్, ఇంకో పది నత్తలు దింపు.

గవ్వలగంప:

దయచేసి అది మాత్రం చెయ్యకండి. టైగర్ గారూ, మీరు చెప్పింది పచ్చ పాచికి పనికొస్తుంది, ఇక్కడ నిప్పు మీద నెయ్యి పోసినట్టే అవుతుంది. ఆయన నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ ఇప్పటికే సున్నా.

నాకు ఇది డయాటమ్స్ కాదు, డైనోఫ్లాజెల్లేట్లు అనే ఒంటికణపు జీవులు అనిపిస్తోంది, హాబీ వాళ్ళు డైనోలు అంటారు. ఖాయం చేసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఆ చీమిడి కొంచెం ట్యాంకు నీళ్ళతో సహా చిన్న సీసాలోకి తీసుకుని గట్టిగా గిలకొట్టండి, నీళ్ళు టీ రంగులోకి వస్తాయి. టిష్యూ పేపర్లోనో కాఫీ ఫిల్టర్‌లోనో వడకట్టి ఆ నీళ్ళని లైటు కింద ఓ గంట కదపకుండా ఉంచండి. మళ్ళీ తీగలుగా ముద్దగా కట్టుకుందంటే డైనోలే. డయాటమ్స్ అయితే అలా కట్టుకోవు. తెలిసినవాళ్ళ దగ్గర మైక్రోస్కోపు ఉంటే 400 రెట్లలో చూసి వీడియో తియ్యండి.

నానో40:

చేసా. యాభై నిమిషాలకే సీసా మధ్యలో సాలెగూడులా కట్టింది. మా ఆవిడ వంటింట్లో ఇదేం పని అని మొదలెట్టింది గానీ చివరికి తనే ఫోన్‌లో టైమ్‌లాప్స్ తీసింది.

మా పక్కింటబ్బాయి ఫార్మసీ చదువుతాడు, వాళ్ళ ల్యాబ్‌లో చూసాం. బాదంగింజ ఆకారంలో, ఒక కొస సన్నగా, ఆ సన్నకొస దగ్గర మేకు కొట్టినట్టు అక్కడక్కడే గిర్రున తిరుగుతున్నాయి. వందలు.

ఇంకోటి, రిఫ్రాక్టోమీటర్ వచ్చింది. నా హైడ్రోమీటర్ 1.025 అంటున్న నీళ్ళు నిజానికి 1.028. ఉప్పుకల్లు అన్నకి దండం.

గవ్వలగంప:

బాదంగింజ ఆకారం, ఉన్నచోటే తిరగడం, అంటే ఆస్ట్రియాప్సిస్ అనే రకం డైనోలు. వీటిల్లో కొన్ని పాలీటాక్సిన్ కుటుంబానికి చెందిన విషాలు తయారుచేస్తాయి. మీ నత్తలు పాపం పని బాగానే చేసాయి, ఆ చీమిడి మేసాయి, అందుకే చచ్చాయి. చేపలు దాన్ని మెయ్యవు కాబట్టి వాటికేం కాలేదు.

మనుషులకి కూడా జాగ్రత్త అవసరం. 2005 వేసవిలో ఇటలీలో జెనోవా తీరంలో ఇదే రకం డైనోలు విపరీతంగా పెరిగి, అలల తుంపర పీల్చినవాళ్ళు రెండొందల మంది దాకా జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆస్పత్రులకి వెళ్ళారు. మీ 33 లీటర్లకి అంత భయం అక్కర్లేదు గానీ గ్లవ్స్ వేసుకోండి, పైపుని నోటితో పీల్చి మొదలెట్టకండి, రాళ్ళు బయటికి తీసి వేడినీళ్ళలో మరిగించే ఆలోచన అస్సలు వద్దు.

ఎందుకొచ్చాయంటే, డ్రై రాక్‌లో మొదట్లో పెద్దగా జీవం ఉండదు. ఆ ఖాళీని మామూలుగా బాక్టీరియా, పచ్చ పాచీ మెల్లగా ఆక్రమిస్తాయి, వాటికి నైట్రేట్, ఫాస్ఫేట్ కావాలి. మీరేమో రెండూ లేకుండా ఊడ్చేసారు. పోటీ లేని చోట డైనోలు పాతుకుపోయాయి. కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది అంతా తలకిందులు. నీళ్ళు మార్చడం ఆపెయ్యండి. ఫాస్ఫేట్ రిమూవర్ తీసెయ్యండి. మేత రోజూ వెయ్యండి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్యకి తెచ్చి అక్కడ నిలబెట్టండి, రోజు మార్చి రోజు టెస్ట్ చేస్తూ. విషం లాక్కోడానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి తరచుగా మార్చండి. ఈ జాతి రాత్రిపూట రాయి వదిలి నీళ్ళలోకి తేలుతుంది, మీకు పొద్దున్న తగ్గినట్టు కనపడేది అందుకే, కాబట్టి చిన్న యూవీ స్టెరిలైజర్ (ట్యాంకు నీళ్ళని మూసిన డబ్బాలో యూవీ లైటు ముందు నుంచి పంపేది) దీని మీద బాగా పనిచేస్తుంది. మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆర్పి దుప్పటి కప్పేసి యూవీ నడిపితే సగం దెబ్బ అక్కడే. క్లౌన్‌లకి ఏం కాదు. చీమిడి లాగేటప్పుడు సన్నటి ఫిల్టర్ సాక్ (వడకట్టే గుడ్డ సంచి) లోంచి పోనిచ్చి అవే నీళ్ళు తిరిగి ట్యాంకులో పోసుకోండి. సాలినిటీ కూడా ఒక్కరోజులో దించకండి, ఆర్‌వో నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ ఓ వారంలో దించండి.

మిగిలిన ఆ మూడు నత్తల్ని ట్యాంకు నీళ్ళతో వేరే బకెట్లో పెట్టి మేపండి. ఇది పోయేదాకా కొత్త నత్త ఒక్కటి కూడా వద్దు.

బిందెలోసముద్రం:

డాలస్ నుంచి, మాది అసలు భీమవరం. మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం, నాకు ఈ డైనోలు పోడానికి రెండు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు ట్యాంకు అమ్మేద్దామనుకున్నా.

బకెట్లో వాటికి మేత అంటే నోరి షీట్, సుషీకి చుడతారే ఆ సముద్రపు నాచు, ఉప్పూ నూనే లేనిది చూసి కొను. గోరంత ముక్క రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రి పెట్టు, పొద్దున్న మిగిలింది తీసెయ్. నేను వారానికి రెండుసార్లు ట్యాంకులో కూడా ఇస్తా, నత్తలు పాచి మీదే బతకాలని రూలేం లేదు కదా.

తర్వాత కొనేటప్పుడు టర్బో వద్దు. ఇక్కడ ఎక్కువగా అమ్మేది మెక్సికన్ టర్బో, అది కాలిఫోర్నియా గల్ఫ్ నుంచి వస్తుంది, కాస్త చల్లటి నీళ్ళ జీవి, 28 డిగ్రీల్లో ఎక్కువకాలం ఉండదు. పైగా బుల్డోజరే, రాళ్ళు తోసేస్తుంది. మీ దగ్గర టర్బో అని అమ్మేది ఏ రకమో ఆ షాపాయనకే తెలియాలి. చిన్న జాతి ట్రోకస్, ట్యాంకుల్లో పెంచినవి దొరికితే రెండు తీసుకో, పడిపోయినా తమంతట తాము తిరిగి లేస్తాయి, పిల్లలు కూడా పెడతాయి. సన్నగా పొడుగ్గా ఉండే సెరిత్‌లు మూడు, పగలు ఇసకలో దూరి రాత్రి బయటికొస్తాయి. నీ సైజుకి అంతే. నసారియస్‌ని పాచి తింటుందని అంటగట్టేవాళ్ళు ఉన్నారు, అది పాచి ముట్టుకోదు, చచ్చినవీ మిగిలిన మేతా తింటుంది. మేత వేసాక ఇసకలోంచి తొండం ముందు, మనిషి తర్వాత లేచొస్తుంటే మా పిల్లలు జాంబీ జాంబీ అని అరుస్తారు. చూడ్డానికి ఒకటి పెట్టుకో కావాలంటే. హెర్మిట్ క్రాబ్ మాత్రం వద్దు, దానికి గుల్ల నచ్చితే నత్తని ఖాళీ చేయించి మరీ దూరుతుంది.

నానో40:

ఏడు వారాల తర్వాత అప్‌డేట్. ఇన్నాళ్ళు రాయనందుకు సారీ. నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.07. మూడో వారంలో చీమిడి తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది, అప్పుడు మేడమ్ చెప్పిన మూడు రోజుల చీకటి రెండోసారి పెట్టా. ఐదో వారంలో అద్దం మీద పచ్చగా పొర కట్టింది, పచ్చ పాచి చూసి ఇంత ఆనందపడతానని ఎప్పుడూ అనుకోలేదు. పదిహేను రోజులుగా బ్రౌన్ లేదు. సీసా పరీక్షలో కూడా ఏం కట్టలేదు.

బకెట్లో మూడింట్లో రెండు బతికాయి, వాటిని మొన్న సెలైన్ సెట్ పెట్టి గంటన్నర తర్వాత వదిలా. అద్దం మీద మళ్ళీ దారులు పడ్డాయి. సెరిత్‌లు వచ్చే వారం.

ఒకటి ఒప్పుకోవాలి, మేడమ్ తిట్టొద్దు. నేను అడిగేటప్పటికే టెన్నేటి పార్కు నుంచి ఒక నెరైట్ తెచ్చేసా. తెచ్చిన రాత్రే మాయమైంది, రాళ్ళ వెనక చచ్చిందేమో అని రెండ్రోజులు వెతికా. మూడో రోజు ఊడుస్తుంటే ఫ్రిజ్ వెనక దొరికింది, మూత బిగించుకుని. నీళ్ళలో పెడితే పది నిమిషాల్లో కొమ్ములు బయటపెట్టింది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి దాని రాయి మీద దాన్ని పెట్టేసి వచ్చాం.

గవ్వలగంప:

తిట్టను లెండి. ఎంత ఎత్తులో పెట్టారు? నీళ్ళు అందే రాయి మీదే కదా?

నానో40:

అందే చోటే మేడమ్. అల వచ్చి ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.